ఆ గంట ఎవరిది?

దొంగతనానికి మన ఇళ్ళల్లో ఒక్కటే అర్థం లేదు. తెల్లవారుజామున పక్కవాళ్ళ ప్రహరీగోడ మీంచి చెయ్యి చాచి నందివర్ధనాలు కోసుకుంటే అది దొంగతనం కాదు, దేవుడికి. కరివేపాకు రెబ్బ తుంచుకుంటే అసలు లెక్కలోకే రాదు. మనీప్లాంటయితే అడిగి తెచ్చుకుంటే కలిసిరాదనీ, చెప్పకుండా తుంచుకొచ్చిందయితేనే ఇంట్లో డబ్బు నిలుస్తుందనీ ఓ శాస్త్రం కూడా పుట్టించేశాం. అదే మన పెరట్లో జామకాయని ఎదురింటి కుర్రాడు కోశాడనుకోండి, వాడి తల్లి పెంపకం దగ్గర్నుంచీ మొదలుపెడతాం.

ఇలాంటి ధర్మశాస్త్రం మధ్యలో పుట్టి పెరిగిన మా ఆడపడుచుకి ఈమధ్య ఒక సందేహం వచ్చింది. తెనాలి నుంచి ఫోన్ చేసి, "వదినా, టీ.వీ.లో వచ్చేదాన్ని పట్టి ఉంచుకుని, తర్వాత ఫోన్లో చూసుకుంటే అది దొంగతనం కిందికొస్తుందా?" అని అడిగింది.

వాళ్ళింట్లో ఉన్నది డి.డి. ఫ్రీ డిష్. నెలనెలా చందా కట్టే పని లేనిది. దానికి పెట్టుకునే చాలా రకాల పెట్టెలకి ఓ పక్కన చిన్న కంత ఉంటుంది. అందులో పెన్‌డ్రైవు గుచ్చి, రిమోటు మీద రికార్డు మీట నొక్కితే తెర మీద నడుస్తున్నదంతా అందులోకి దిగిపోతుంది. గంట కార్యక్రమానికి సుమారు ఒకటి నుంచి రెండు గిగాబైట్ల దాకా చోటు పడుతుంది. అంటే పదహారు గిగాబైట్ల పెన్‌డ్రైవులో పది కచేరీల దాకా సర్దొచ్చన్నమాట. తర్వాత దాన్ని ఊడదీసి, ఓ.టి.జి. అని వేలెడు తీగముక్క అమ్ముతారు, దాంతో ఫోనుకి తగిలించుకుంటే సరి. సప్తగిరి ఛానల్లో సాయంత్రం వచ్చిన కచేరీని రాత్రి పదకొండింటికి మంచం మీద నడుం వాల్చి వినొచ్చు. మధ్యలో కంప్యూటరు అక్కర్లేదు.

చూడ్డానికి చిన్న మాటే గానీ, ఈ కంప్యూటరు అక్కర్లేదన్న దాంట్లో చాలా ఉందండీ. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కంప్యూటరు ఉంటుంది. కానీ అది అబ్బాయి గదిలో ఉంటుంది. ఫలానా పాట కాస్త ఫోన్లో వేసి పెట్టరా అంటే, "ఉండమ్మా, మీటింగులో ఉన్నాను" అంటాడు. మీటింగయ్యాక భోజనం, భోజనమయ్యాక ఇంకో మీటింగు. మూడోసారి అడగడానికి తల్లికే మొహమాటం వేస్తుంది. కంప్యూటరు అక్కర్లేదంటే ఎవర్నీ అడగక్కర్లేదని అర్థం. పుట్టింట్లో నాన్నని, అత్తింట్లో అత్తగారిని, ఆ తర్వాత మొగుణ్ణి, ఇప్పుడు కొడుకుని అడుగుతూ యాభై ఎనిమిదేళ్ళు గడిపిన మనిషి. ఎవర్నీ అడక్కుండా ఓ వస్తువు చేతికొచ్చేసరికి ఆవిడకి అది దొంగసొమ్ములా అనిపించిందంటే ఆశ్చర్యమేముంది?

చట్టం సంగతయితే తేలిగ్గానే తేలిపోయింది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం 39వ సెక్షన్లో, ప్రసారమయ్యేదాన్ని ఎవరి సొంత వాడకానికి వాళ్ళు రికార్డు చేసుకుంటే అది ప్రసారం చేసినవాళ్ళ హక్కుకి భంగం కాదని ఉంది. కాపీలు తీసి అమ్మితేనో, ఇంటర్నెట్టులో పెట్టి ఊరందరికీ పంచితేనో ఆ కథ వేరు. పెళ్ళికెళ్ళి కడుపునిండా తినడం ఒకటి, క్యారేజీలో కట్టుకొచ్చి వీధిలో అమ్ముకోవడం ఇంకొకటి.

అమెరికాలో ఇదే ప్రశ్న మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. 1975లో సోనీ కంపెనీ బేటామాక్స్ అని, ఇంట్లోనే టీ.వీ. రికార్డు చేసుకునే యంత్రాన్ని తెచ్చింది. మరుసటేడే యూనివర్సల్, డిస్నీ కంపెనీలు రెండూ దావా వేశాయి. కింది కోర్టు ఒకలాగా, పై కోర్టు ఇంకోలాగా చెప్పాక, 1984 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు ఇటూ, నలుగురు అటూ. ఉచితంగా ఇంటికొచ్చే ప్రసారాన్ని పట్టి ఉంచుకుని తర్వాత చూసుకోవడం తప్పు కాదన్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'టైమ్ షిఫ్టింగ్'. వేళ మార్చుకోవడమన్నమాట. ఒక్క జడ్జిగారు అటు తిరిగి కూర్చునుంటే, ఆ తర్వాత వచ్చిన యంత్రాల కథ ఇంకోలా నడిచేది.

ఆ కేసులో సాక్ష్యం చెప్పినవాళ్ళల్లో ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన ఉన్నాడు. పసిపిల్లల కోసం ఏళ్ళ తరబడి టీ.వీ.లో కార్యక్రమం నడిపిన మనిషి. తన కార్యక్రమాన్ని జనం ఇళ్ళల్లో రికార్డు చేసుకుంటే తనకేమీ బాధ లేదన్నాడు. ప్రసారం చేసేవాళ్ళ వేళ అందరిళ్ళకీ కుదరదు, రికార్డు చేసుకుంటే తల్లీ తండ్రీ పిల్లలతో కలిసి కూర్చుని తమకి వీలైనప్పుడు చూడగలుగుతారు, మనిషి తన రోజుని తను దిద్దుకోగలగడం మంచిదే కదా అని ఆయన చెప్పినదాని సారం. సుప్రీంకోర్టు తన తీర్పులో ఆయన మాటని ప్రత్యేకంగా చెప్పుకుంది.

ఎంత మంచి మాట! కానీ తమకి వీలైనప్పుడు అన్నచోట నేను ఆగిపోయాను. ఎవరికి వీలైనప్పుడు?

బేటామాక్సయినా, ఆ తర్వాత మన ఊళ్ళల్లో సినిమాలకి అద్దెకి తెచ్చుకున్న వీ.సీ.ఆర్.లయినా ఇంట్లో ఒకచోట కదలకుండా కూర్చునే జాతి. పట్టి ఉంచుకున్నదాన్ని జేబులో వేసుకుని తిరగడం 2003 ప్రాంతాల్లో మొదలైంది. ఆర్కోస్ అనే ఫ్రెంచి కంపెనీ నాలుగంగుళాలైనా లేని తెరతో ఓ యంత్రం తెచ్చింది. టీ.వీ. వెనకాల పసుపు, ఎరుపు, తెలుపు తీగలు గుచ్చుతాం చూడండి, ఓ చిన్న అతుకుపెట్టె ద్వారా ఆ తీగలు దీనికి తగిలిస్తే టీ.వీ.లో వచ్చేది నేరుగా ఇందులోకి వచ్చేది. 2005 అక్టోబరులో ఆపిల్ వాళ్ళ ఐపాడ్‌కి బొమ్మ చూపించే విద్య వచ్చింది గానీ, టీ.వీ. నుంచి తనంతట తను పట్టుకోవడం దానికి చేతకాదు, కంప్యూటరు తోడుండాల్సిందే. అందుకని టీ.వీ.కీ మెమరీ కార్డుకీ మధ్యవర్తిగా నిలబడే చిన్న చిన్న పెట్టెలు పుట్టాయి. న్యూరోస్ అనే అమెరికా కంపెనీ అలాంటివి అమ్మింది. కార్డుని ఆ పెట్టెలో గుచ్చి కార్యక్రమం పట్టి, తీసి సోనీ వాళ్ళ పీ.ఎస్.పీ. అనే ఆటల యంత్రంలో పెట్టుకుని చూసేవారు. జపాను వాళ్ళు ఈ మధ్యవర్తిని కూడా తీసేశారు. 2006 ఏప్రిల్లో వన్‌సెగ్ అని ఫోన్ల కోసమే ప్రసారం మొదలుపెట్టారు. కొన్ని ఫోన్లలో దాన్ని అక్కడికక్కడే రికార్డు చేసుకునే వీలూ ఉండేది.

ఇన్ని తిప్పలూ ఎవరి కోసం పడ్డారంటారు? నాకు తోచినంత వరకూ, పొద్దున రైలెక్కి ఆఫీసుకెళ్ళేవాడి కోసం. వాడికి రోజూ ఓ గంట ఖాళీగా దొరుకుతుంది. కాళ్ళూ చేతులూ ఊరికే ఉంటాయి. ఎవరూ పిలవరు, పలకరించరు. ఆ ఖాళీ గంటలో పోయడానికి రాత్రి కార్యక్రమం జేబులో ఉంటే చాలు. గంట వాడి దగ్గర సిద్ధంగా ఉంది, కార్యక్రమమే లేదు. యంత్రం కార్యక్రమాన్ని తెచ్చి ఇచ్చింది.

మన ఆడవాళ్ళకి తిరకాసు ఇక్కడే. మనకి కార్యక్రమాలకేం కొదవ? గంటే లేదు.

ఉన్నవి ముక్కలు. పాలు పొంగడానికి పట్టే నాలుగు నిమిషాలు, కుక్కరు మూడో కూతకి ముందు ఆరు నిమిషాలు, స్కూలు బస్సు కోసం వీధి చివర నిలబడే పావుగంట, గోరుచిక్కుడుకాయలు వలిచే ఇరవై నిమిషాలు. వీటికి యంత్రం భలే సర్దుకుంటుంది, కాదనను. ఆపు, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టు. మా ఆడపడుచు ఒక్క కచేరీని నాలుగు రోజులు వింటుంది. ఆలాపన సోమవారం, కీర్తన మంగళవారం, తని ఆవర్తనం గురువారం. "ఏం చేస్తాం వదినా, అసలు లేనిదానికన్నా నయం కదా" అంటుంది. నిజమే, నయమే.

కానీ ఆవిడ వినే పద్ధతి ఎప్పుడైనా చూశారా? మీ ఇంట్లోనే చూసుకోండి. చెవిలో పెట్టుకునే ఆ గొట్టాలు జంటగా ఇస్తారు కదా, ఆడవాళ్ళెవరూ రెండూ పెట్టుకోరు. ఒక్కటే పెట్టుకుంటారు. రెండోది మెళ్ళో వేళ్ళాడుతూ ఉంటుంది. ఆ రెండో చెవి ఇంటిది. కుక్కరు కూతా, గుమ్మం గంటా, లోపల్నుంచి "ఏమేవ్" అన్న కేకా దానికి వినపడాలి. బస్సుల్లో మగపిల్లలు రెండు చెవులూ మూసుకుని కళ్ళు కూడా మూసుకుంటారు. ఒంటిచెవితో సంగీతం వినే విద్య మాత్రం మనకే అబ్బింది.

మా అమ్మాయి ఈ గోలంతా విని నవ్వింది. ఇప్పుడెవరమ్మా పెన్‌డ్రైవులూ తీగలూనూ, అన్నీ ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతూంటే అంది. దొరుకుతాయి, ఎవరు కాదన్నారు? దానికి చందా కట్టాలి, ఆ చందా అబ్బాయి పేరు మీద ఉంటుంది, తాళంమాట అల్లుడికి తెలుసు. పైగా ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఉంటుందన్న పూచీ లేదు. పెన్‌డ్రైవు మన డబ్బాలో మన పోపుగింజల్లాంటిది. ఉందా, ఉంది.

పోపుగింజలతో పోల్చాను గానీ, ఇందులో ఒక తేడా ఉంది. పోపుగింజలు వాడుకుంటాం. రికార్డు చేసుకున్నవాటిలో ఎన్ని చూస్తున్నాం? ముప్పాతిక మూడొంతులు చూడం. ఆస్ట్రియా దేశంలో రాబర్ట్ ఫాలర్ అనే తత్త్వవేత్త 1990లలో దీని మీదే ఆలోచించాడు. వీ.సీ.ఆర్. ఉన్నవాళ్ళు సినిమాలు మహా ఉత్సాహంగా రికార్డు చేస్తారు, తర్వాత చూడరు, అయినా ఏదో తృప్తిగా ఉంటారు, వాళ్ళ బదులు యంత్రమే చూసేసిందేమో అన్నట్టు. మన పని ఇంకొకళ్ళ చేత చేయించుకోవడం కాదు, మన సుఖాన్ని ఇంకొకరి చేత అనుభవింపజెయ్యడం అన్నమాట. ఆయనకి ఇది వింతగా తోచింది గానీ మనకేం కొత్త? జపం పురోహితుడి చేత చేయించి ఫలం మాత్రం మనకి ధారపోయమనడం మనకి ఎప్పణ్ణుంచో ఉన్నదే. యంత్రం రాత్రంతా ఎర్రదీపం వెలిగించుకుని మన పేరున జపం చేస్తుంది. మనం నిశ్చింతగా నిద్రపోతాం.

మాట బాగుంది. కానీ ఫాలర్ గారి మనిషి మన మనిషి కాదేమోనని నా అనుమానం. ఆయన మనిషికి పడక్కుర్చీ ఉంది, సాయంత్రం ఉంది, కావాలంటే చూడొచ్చు. అయినా చూడ్డు, అదే వింత. మన మనిషి చూడకపోవడంలో వింతేమీ లేదు. ఆవిడ పెన్‌డ్రైవు నిండిపోయిందంటే అది తృప్తి కాదండీ, బాకీ. వచ్చే ఆదివారం చూద్దాం, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం, మామగారి ఆబ్దికం వెళ్ళాక చూద్దాం అని తనకి తను రాసుకున్న ప్రోనోట్లవి. చివరికి చోటు చాలక, కొత్తది పట్టడం కోసం పాతది చెరిపేస్తుంది. చెరిపేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ క్షణం గురించి తత్త్వవేత్తలెవరైనా రాస్తే చదవాలని ఉంది.

చూడకుండా రికార్డు చెయ్యడమే ఒక వ్రతంగా పెట్టుకున్న ఆడమనిషి కూడా ఒకావిడ ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో మేరియన్ స్టోక్స్. ఒకప్పుడు గ్రంథాలయంలో పనిచేసింది. 1979లో మొదలుపెట్టి 2012 డిసెంబరులో చనిపోయేదాకా, టీ.వీ.లో వచ్చే వార్తల్ని పగలూ రాత్రీ ఆపకుండా రికార్డు చేసింది. ఇంట్లో ఒకేసారి ఎనిమిది యంత్రాల దాకా నడిచేవట. మొత్తం దాదాపు డెబ్బైవేల టేపులు! టీ.వీ. వాళ్ళు ఇవాళ చెప్పింది రేపు చెరిపేసి, మేం చెప్పనే లేదంటారని ఆవిడ భయం. ఆ భయం ఉత్తిది కాదు. అంత పెద్ద బీ.బీ.సీ. వాళ్ళే 1960లు, 70లలో తమ కార్యక్రమాల టేపుల్ని బోలెడు చెరిపేసి మళ్ళీ వాడుకున్నారు. ఆవిడ పోయాక టేపులన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థకి చేరాయి. 2019లో ఆవిడ మీద 'రికార్డర్' అని ఓ డాక్యుమెంటరీ వచ్చింది.

గొప్ప పనే. మనసారా దణ్ణం పెట్టొచ్చు. కానీ ఆ కథలో నన్ను పట్టుకున్నది టేపుల లెక్క కాదు. ఒక్కో టేపు ఆరేసి గంటల్లో అయిపోయేది. అయిపోగానే ఎవరో ఒకరు మార్చాలి. హోటల్లో భోజనం చేస్తూంటే మధ్యలో లేచి టేపు మార్చడానికి ఇంటికి పరిగెత్తేవారట. ఇంట్లోవాళ్ళూ, పనిచేసేవాళ్ళూ అందరి రోజూ ఆ టేపుల చుట్టూ తిరిగేది. యంత్రమే చూసుకుంటుందిలే అనుకుంటాం గానీ, ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే గంటలు ఎవరో ఒకరి జేబులోంచి పోవలసిందే. అక్కడ ఆడమనిషి తన గంటలు తీసుకుంది, మిగతావాళ్ళవి కూడా తీసుకుంది. ఆవిడ చేసింది ఘనకార్యమా, ఇంటిల్లిపాదికీ అన్యాయమా అంటే, నాకు రెండూ అనే అనిపిస్తుంది. ఒక మగమహానుభావుడు ఇదే పని చేస్తే రెండో ప్రశ్న అడిగి ఉండేవాళ్ళమా అని కూడా అనిపిస్తుంది.

సరే, మన ఇళ్ళ సంగతికొద్దాం. నేను చెప్పదలుచుకున్నది ఇప్పుడు చెబుతాను, మీరు కాదంటే కాదనండి. పాత రోజుల్లో, కార్యక్రమం ఆ వేళకి వస్తుంది, మళ్ళీ రాదు అన్న రోజుల్లో, ఆడదానికి ఓ రక్షణ ఉండేది. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా దూరదర్శన్లో రామాయణం వచ్చింది కదా. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి. హిందీ ముక్క రానివాళ్ళు కూడా స్నానాలు చేసి కూర్చున్నారు. ఆ వేళకి వంటింట్లో ఆడమనిషి ఉండేది కాదు. "ఇదిగో, మొదలైపోతోంది" అని కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. ఎవరూ కాఫీ అడిగేవారు కాదు. అడిగినా, "అయిపోనివ్వండి" అనేది. ఆ మాట అనడానికి ఆవిడకి ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? గడియారం ఇచ్చింది. దూరదర్శన్ ఇచ్చింది. ఇంట్లో ఎవరి మాటకీ లొంగని ఆ వేళ ఆవిడ పక్షాన నిలబడింది.

రాత్రి సీరియళ్ళ కాలంలోనూ అంతే. సీరియళ్ళని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. వాటిలో అత్తలు కోడళ్ళకి పెట్టే విషాలూ, పట్టుచీరలతో నిద్రలేచే వదినలూ నాకూ తలనొప్పే. కానీ, "ఎనిమిదింటికి నా సీరియల్ వస్తుంది, ఏడున్నరకే తినెయ్యండి" అని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ వెయ్యగలిగిన ఇల్లాలిని నేను చూశాను. అంత అధికారం ఆవిడకి ఇంకే విషయంలోనూ లేదు.

ఇప్పుడు రికార్డు మీట వచ్చింది. వచ్చి ఏం చేసింది? ఆ ఎనిమిదింటికే సరిగ్గా, "అమ్మా, ఆకలేస్తోంది, అది తర్వాత చూసుకోవచ్చుగా" అనడానికి పిల్లలకి దారి దొరికింది. "రికార్డు పెట్టి రాకూడదూ, వాళ్ళొచ్చి కూర్చున్నారు" అని భర్తగారంటారు. వాళ్ళ తప్పేం లేదు, న్యాయంగానే అంటున్నారు. కార్యక్రమం ఆగగలదు కదా మరి. కార్యక్రమం ఆగగలదు కాబట్టి మనిషీ ఆగగలదు. వేళ మార్చుకునే హక్కు అని అమెరికా కోర్టు ఎవరికిచ్చిందో గానీ, మన ఇంట్లోకొచ్చేసరికి వేళ మార్చుకోవలసిన బాధ్యత అయి కూర్చుంది. క్రికెట్టు మ్యాచి కూడా రికార్డు చేసుకోవచ్చు. ఆ మాట ఎవరైనా ఎవరితోనైనా అన్నారా?

అలాగని మీటని తిట్టి లాభం లేదు. మా వీధిలో ఒకావిడ, మంచాన పడ్డ అత్తగారిని మూడేళ్ళుగా చూసుకుంటోంది. ఆ పెద్దావిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. తెల్లవారుజామున మూడింటికి లేపి కూర్చోబెట్టమంటుంది, భయమంటుంది. అప్పుడు ఈవిడ ఫోనుకి పెన్‌డ్రైవు తగిలించి, పగలెప్పుడో పట్టి ఉంచిన ప్రవచనం పెడుతుంది. పెద్దావిడ నెమ్మదిగా కునుకు తీశాక చప్పుడు తగ్గించి, తనకిష్టమైన పాత సినిమా ఓ ముక్క పెట్టుకుంటుంది. మూడుంబావు నుంచి నాలుగు దాకా. మూడు రాత్రులకి ఒక సినిమా అవుతుందట. ఏ ఛానలు వాళ్ళు ఆ ముప్పావుగంట కోసం కార్యక్రమం వేస్తారు? ఆవిడతో నేను ఈ వ్యాసంలోని మాటలన్నీ చెబితే, "మీరు భలేవారండీ" అని నవ్వి ఊరుకుంటుంది. ఆవిడకి అది ఇంట్లో ఎవరూ వెనక్కి అడగని వేళ. అందరూ నిద్రపోతున్నారు గనక అడగరు, అది వేరే సంగతి.

అందుకే, రికార్డు చెయ్యడం తప్పా అన్న ప్రశ్నకి జవాబు చెప్పాక కూడా నాకు స్థిమితం చిక్కలేదు. పట్టి ఉంచుకున్నది చూడ్డానికి గంట కావాలి. ఆ గంట అడిగితే ఇవ్వరు, అడక్కపోతే రాదు. మరి తీసుకోవచ్చా? చెప్పకుండా?

మా మేడ మీద అద్దెకున్న ఆవిడ తీసుకుంది. వాళ్ళది డబ్బు కట్టి చూసే డి.టి.హెచ్. అలాంటి పెట్టెల్లో చాలావాటితో పెన్‌డ్రైవులోకి పట్టింది మళ్ళీ అదే పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఆడదు, ఫోనుకి తగిలించినా పలకదు. ఆవిడకి అదే కలిసొచ్చింది. ఏడున్నరకి వచ్చే సీరియల్ని గుట్టుగా పట్టేస్తుంది. ఆ వేళకి టిఫిన్లు, చదువులు, భర్తగారి ఆఫీసు కబుర్లు అన్నీ యథాప్రకారం జరుగుతాయి. తొమ్మిదిన్నరకి వంటిల్లు కడుక్కుని వచ్చి టీ.వీ.లో పెట్టుకుంటుంది. ఎవరైనా పిలిస్తే, "ఇప్పుడే వస్తోందండీ, అయిపోనివ్వండి" అంటుంది. రికార్డయినదని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అనుమానించకుండా ప్రకటనలని కూడా ముందుకి తొయ్యదు! ప్రకటనలు వచ్చినప్పుడు లేచి మంచినీళ్ళిస్తుంది, పాలు తోడు పెడుతుంది, అయిపోగానే పరిగెత్తుకొచ్చి కూర్చుంటుంది.

అబద్ధమే. నాకు చెప్పినప్పుడు ఆవిడ కూడా అబద్ధమనే చెప్పింది. వామనుడికి మూడడుగులు దానమివ్వొద్దని బలిచక్రవర్తికి నచ్చజెబుతూ శుక్రాచార్యులు, ఎక్కడెక్కడ అబద్ధమాడితే దోషం లేదో ఓ జాబితా చెప్పాడు. పోతనగారి భాగవతంలో ఆ పద్యం మనందరం చిన్నప్పుడు బట్టీపట్టిందే. ఆడవాళ్ళ విషయంలో ఆడొచ్చు, పెళ్ళిళ్ళ విషయంలో ఆడొచ్చు, ప్రాణం, డబ్బు, పరువు పోయేచోట ఆడొచ్చు. అరగంట పోయేచోట అని అందులో లేదు. పైగా ఆడవాళ్ళ విషయంలో ఆడొచ్చన్నాడు గానీ, ఆడవాళ్ళు ఆడొచ్చో లేదో శుక్రాచార్యులు చెప్పనే లేదు.

సంక్రాంతికి పుట్టింటికెళ్ళి వచ్చేసరికి ఆవిడకి బోలెడు భాగాలు పేరుకుపోయాయి. రోజుకొకటి చొప్పున చూస్తూ, వెనకబడే నడుస్తోంది. ఉగాది వారంలో ఓ రాత్రి భర్తగారు పడక్కుర్చీలోంచి కళ్ళజోడు సవరించుకుని టీ.వీ. వైపు చూశారట. ఏదో బట్టల దుకాణం ప్రకటన.

"ఇదేమిటి, సంక్రాంతి తగ్గింపు ధరలు ఇంకా ఇస్తున్నారా?" అన్నారట ఆయన.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే, "పొడిగించారండీ" అందట.